ఆపరేషన్ తర్వాతి నలభై ఏళ్లు

1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడార్ కోకర్ అనే సర్జన్ పదకొండేళ్ల పాప మెడలోంచి థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేశాడు. ఆల్ప్స్ కొండల నేలలోనూ నీటిలోనూ అయోడిన్ తక్కువ. అందుకే అక్కడ ఊరూరా గళగండాలు కనిపించేవి. మెడ ముందు పెరిగిన ఆ వాపులు గాలిగొట్టాన్ని నొక్కేసి ఊపిరాడనిచ్చేవి కావు. అంతకు ముందు తరం సర్జన్లు వాటి జోలికి వెళ్లడానికే జంకేవారు, కత్తి పెడితే రక్తం ఆగేది కాదు మరి. కోకర్ నిదానస్థుడు. ఒక్కో రక్తనాళాన్నీ పట్టి, కట్టి, ఆ తర్వాతే గ్రంథిని కదిలించేవాడు. అతని బల్ల మీద చావులు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. ఆ పాప కూడా కోలుకుని ఇంటికెళ్లింది. ఆసుపత్రి లెక్కలో అది విజయం.

కొన్నాళ్లకు, పాపను పంపిన ఊరి వైద్యుడు ఆమె తీరు మారిందని కోకర్‌కు చెప్పాడు. ఆ మాట అలాగే ఉండిపోయింది. 1882లో జెనీవా సర్జన్ జాక్ లూయీ రెవెర్డాన్ తన రోగుల్లోనూ ఇలాంటిదే చూశానన్నాక కోకర్‌కు కలవరం పుట్టింది. పాత రోగులందరినీ ఒకసారి వచ్చి కనిపించమని కబురు పెట్టాడు. గ్రంథి మొత్తం తీయించుకున్నవాళ్లలో 18 మంది వచ్చారు. ఇద్దరు తప్ప అందరి ముఖాలూ ఉబ్బి ఉన్నాయి. మాట నెమ్మదించింది, చలికి ఓర్చుకోలేకపోతున్నారు, ఆలోచన మందగించింది. ఆ పాప ఎదుగుదల ఆగిపోయింది. ఒకప్పుడు అచ్చం ఆమెలాగే ఉండే చెల్లెలు ఈడొచ్చి నిలబడితే, అక్క మాత్రం పొట్టిగా, మొద్దుబారి మిగిలింది. 1883లో బెర్లిన్‌లో తోటి సర్జన్ల ముందు కోకర్ ఈ సంగతంతా దాచకుండా చెప్పాడు. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. నన్నడిగితే ఆ బహుమతి కంటే ఆ కబురే పెద్ద పని.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి ఎనభైకి పైగా పాపిల్లరీ రకం. నెమ్మదిగా పెరుగుతుంది, చికిత్సకు లొంగుతుంది. చికిత్స అయి పదేళ్లు గడిచాక కూడా నూటికి తొంభై మందికి పైగా బతికే ఉంటారు. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఇది సుమారు మూడు రెట్లు ఎక్కువ. అదీ ముసలితనంలో కాదు, పిల్లల చదువులు, ఇంటి అప్పులు, ఉద్యోగం అన్నీ నెత్తిన ఉన్న నడివయసులో. ముప్ఫై అయిదేళ్లకు ఆపరేషన్ అయిన మనిషి ఇంకో నలభై ఏళ్లు థైరాయిడ్ లేకుండా బతకాలి. బతుకుతుందన్న భరోసా ఉన్నచోట ఎలా బతుకుతోందని అడిగేవాళ్లు తక్కువ. వైద్యులు ఆ ప్రశ్నను తీరిగ్గా, పద్ధతిగా అడగడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు.

పరగడుపు బిళ్ల

పెద్దవాళ్లలో థైరాయిడ్ బరువు 20 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. కణాలు ఎంత చురుగ్గా పనిచేయాలో చెప్పే హార్మోన్లు టీ4, టీ3 దాన్నుంచే వస్తాయి. టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులు. కాలేయం, మూత్రపిండాలు, మెదడు వంటివి అందులో ఒకదాన్ని తీసేసి టీ3 చేసుకుంటాయి. అసలు పని నడిపేది ఎక్కువగా ఈ టీ3నే.

కోకర్ రోగులకు లేని మందు మనకుంది. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు థైరాయిడ్ పనిచేయని ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఎక్కించాడు. ఆ రకం మందుతోనే ఆమె మరో 28 ఏళ్లు బతికింది. మరుసటి ఏడాది ఇంకో వైద్యుడు సూదులెందుకని, గొర్రె థైరాయిడ్‌ను కాస్త వేయించి, తరిగి, పండ్ల జెల్లీతో కలిపి తినిపించాడు. అదీ పనిచేసింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ హార్మోన్‌ను స్ఫటికాలుగా వేరు చేశాడు. 1926లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణాన్ని తేల్చాడు. ఇప్పుడు మందుల షాపులో సీసాల్లో దొరికే లెవోథైరాక్సిన్ అదే టీ4. వంద మైక్రోగ్రాముల బిళ్లలో ఉండే మందు గ్రాములో పదివేలో వంతు.

చవకైన మందు, చిన్న బిళ్ల. అయితే అది పెట్టే నియమం పెద్దది. ఖాళీ కడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తాగకూడదు, తినకూడదు. కాఫీ దాన్ని పేగుల్లో సరిగా ఇంకనివ్వదు. కాల్షియం బిళ్లలు, ఐరన్ బిళ్లలు నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలి. పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు చేతపట్టుకుంటే గానీ పనిలో పడలేని ఇంట్లో, పిల్లల క్యారేజీలు కట్టే హడావుడిలో, ఈ ఒక్క గంట ఎంత కష్టమో చీటీ రాసేవాళ్లకు తట్టదు. రాత్రి పడుకునే ముందు, భోజనమై మూడు గంటలయ్యాక వేసుకున్నా మందు బాగా పనిచేస్తుందని 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. పొద్దున కుదరనివాళ్లు ఈ సంగతి తమ డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. సీసాను పొయ్యి పక్క గూట్లోనో స్నానాలగది అలమరలోనో పెట్టకూడదు, వేడికీ చెమ్మకీ ఆ మందు పాడవుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్లు ఇది ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి. ఒక రోజు మరిచిపోతే మాత్రం కంగారు అక్కర్లేదు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. మోతాదు మార్చాక పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమనేది కూడా ఇందుకే. అంత నెమ్మదిగా కదిలే హార్మోన్ ఇది.

క్యాన్సర్ వచ్చినవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌తో థైరాయిడ్‌ను అదిలిస్తూ ఉంటుంది. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే ఆ అదిలింపు వాటికీ ఎరువవుతుంది. కాబట్టి ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు కావాలనే కాస్త ఎక్కువ మోతాదు ఇచ్చి టీఎస్‌హెచ్‌ను 0.1 కంటే కిందికి తొక్కి ఉంచుతారు. గుండెదడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు పడటం దీని వెంట వస్తాయి. ‘ఆపరేషన్ అయ్యాక మనిషికి కోపం ఎక్కువైంది’ అని ఇంట్లోవాళ్లు గొణుక్కుంటారే తప్ప, ఆ కోపంలో బిళ్ల వాటా ఎంతో లెక్క వేయరు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే వయసు మళ్లినవాళ్లలో గుండె లయ తప్పే ప్రమాదం, ముట్లు ఆగిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారే ప్రమాదం పెరుగుతాయి. ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు ఇంత తొక్కిపట్టనక్కర్లేదని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిక్కేమిటంటే, పాత చీటీ చూపించి అదే బిళ్ల కొనుక్కుంటూ పోయే మనిషికి మోతాదు తగ్గించే సమయం వచ్చిందని చెప్పేవాళ్లుండరు. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. జ్వరానికి చూపించుకోవడానికి వెళితే, క్యాన్సర్ సంగతి తెలియని డాక్టరు రిపోర్టులో టీఎస్‌హెచ్ మరీ తక్కువుందని చూసి మోతాదు కోసేస్తాడు. తన టీఎస్‌హెచ్ లక్ష్యం ఎంతో రోగికే తెలిసి ఉంటే ఈ రెండు పొరపాట్లూ చాలావరకు ఆగుతాయి.

అన్నీ సరిగ్గా ఉన్నాయని రిపోర్టు చెప్పినా ఒంట్లో బాగోలేదనేవాళ్లు ఉంటారు. ఒంట్లో ఉన్నప్పుడు గ్రంథి కొంత టీ3ని నేరుగా ఇచ్చేది. బిళ్లలో ఉన్నది టీ4 ఒక్కటే. చాలామందికి ఒళ్లు దాన్ని మార్చుకోగలదు. కొందరిలో ఆ మార్పిడి అంత సాఫీగా జరగదేమోనన్న అనుమానంతో రెండు హార్మోన్లూ కలిపి ఇచ్చి చూశారు, కానీ అందరికీ మేలని ఆ ప్రయోగాల్లో తేలలేదు. నిస్సత్తువ మాత్రం నిజం. చికిత్స ముగిసి ఏళ్లు గడిచినవాళ్లను అడిగిన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ పైకి వచ్చే ఫిర్యాదు అదే. పడుకుంటే తీరే అలసట కాదది.

బియ్యపు గింజంత గ్రంథులు

థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజల్లాంటి నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. వాటి కథలో మనకో చిన్న వాటా ఉంది. 19వ శతాబ్దం మధ్యలో లండన్ జూలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూస్తుండగా రిచర్డ్ ఓవెన్ వాటిని మొదట గమనించాడు. మనిషిలో కూడా ఉన్నాయని 1880లో స్వీడన్ వైద్య విద్యార్థి ఇవార్ సాండ్‌స్ట్రామ్ రాశాడు. పేరులో థైరాయిడ్ ఉన్నా వాటి పని వేరు, రక్తంలో కాల్షియాన్ని నిలకడగా ఉంచడం. ఆపరేషన్‌లో అవి నలిగినా, వాటికి రక్తం అందకపోయినా రెండు మూడు రోజుల్లోనే పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టుంటుంది. ముదిరితే చేతులు కొంకర్లు పోతాయి. ఎక్కువమందిలో ఇది వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. కొద్దిమందిలో మాత్రం జీవితాంతం ఉండిపోతుంది, వాళ్లు రోజూ కాల్షియం, కాల్సిట్రయాల్ అనే మందు వేసుకోవాలి. థైరాయిడ్ బిళ్ల ఒక రోజు మరిచిపోతే ఏమీ కాదన్నానే, కాల్షియానికి ఆ మాట వర్తించదు. పెళ్లికెళ్లి సంచి ఇంట్లో మరిచిపోతే సాయంత్రానికే తేడా తెలుస్తుంది. అలాగని ఎక్కువ మింగితే మూత్రపిండాల్లో రాళ్లు. ఈ స్థితిలో ఉన్నవాళ్లకు ‘అర్ధరాత్రి కొంకర్లు పోతే ఎవరికి ఫోన్ చేయాలి’ అన్నదే మొదటి ప్రశ్న. దానికి జవాబు లేకుండా ఇంటికి పంపించేస్తున్నాం.

ఆ పక్కనే స్వరపేటికకు వెళ్లే సన్నని నరాలున్నాయి. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట రోమ్‌లో గేలెన్ అనే వైద్యుడు బతికున్న పందిలో వీటిలో ఒక నరాన్ని నొక్కి చూపాడు. పంది అరుపు ఆగిపోయింది. థైరాయిడ్ సర్జన్ చేతి వాటం తేలేది ఈ నరం దగ్గరే. దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది. చాలాసార్లు కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. రెండో నరం పైస్థాయి శ్రుతులకు పనికొచ్చేది. ఇటాలియన్ గాయని అమెలితా గల్లీ-కూర్చీ 1935లో గళగండం ఆపరేషన్‌లో ఈ నరం పోగొట్టుకుని పాటకు దూరమైందని వైద్య విద్యార్థులకు తరతరాలుగా చెబుతూ వచ్చారు. తర్వాతి పరిశోధకులు వెతికి చూసి ఆ కథను శంకించారు. కథ నిజమైనా కాకపోయినా నరం నిజం. నలభై మంది పిల్లల తరగతిలో పాఠం చెప్పే టీచరుకు, రైతుబజారులో అరిచి అమ్ముకునే మనిషికి, భజనలో పాడే మనిషికి ‘స్వరం కొద్దిగా మారవచ్చు’ అన్న ఒక్క వాక్యం చాలదు. వాళ్లను స్పీచ్ థెరపిస్టు దగ్గరికి ముందుగానే పంపాలి. మామూలు మాటలకు సరిపోయే గొంతు రోజంతా పాఠం చెప్పడానికి సరిపోతుందనుకోకూడదు.

మచ్చ గురించీ చెప్పాలి. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత రేడియో అయోడిన్ కలిసిన పాలు తాగిన పిల్లల్లో వేలమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. వాళ్ల మెడల మీది కోతకు జనం ‘చెర్నోబిల్ హారం’ అని పేరు పెట్టారు. మన ఆడవాళ్లకు ఆ చోటు హారాలదే, నల్లపూసలదే. గొలుసు రాసుకుంటే మచ్చ ఎర్రబడుతుంది. నల్లని, చామనఛాయ ఒంట్లో మచ్చ ఉబ్బి గట్టిపడే అవకాశం తెల్లతోలు కంటే ఎక్కువ. సిలికాన్ జెల్, ఎండ తగలకుండా చున్నీయో పైటో కొంత ఆదుకుంటాయి. శోషరస గ్రంథులు కూడా తీయించుకున్నవాళ్లకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోవచ్చు. ఫిజియోథెరపీ తొందరగా మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటుంది. నెలల తర్వాత మొదలుపెడితే అంత ఫలితం ఉండదు.

పెరుగు లేని పదిహేను రోజులు

అయోడిన్‌ను పట్టి దాచుకోవడంలో థైరాయిడ్ కణాలను మించినవి ఒంట్లో లేవు. చాలా థైరాయిడ్ క్యాన్సర్ కణాలకూ ఆ గుణం కొంత మిగిలి ఉంటుంది. కాబట్టి రేడియోధార్మిక అయోడిన్ మింగిస్తే అది వెతుక్కుంటూ వెళ్లి ఆ కణాల్లోనే చేరి లోపల్నుంచి చంపుతుంది. న్యూయార్క్‌లో శామ్యూల్ సైడ్లిన్, సహచరులు ఒళ్లంతా పాకిన థైరాయిడ్ క్యాన్సర్ రోగి మీద ఇది పనిచేసిన తీరును 1946లో ప్రకటించారు. మన ఊళ్లలో రేడియేషన్ అనగానే ‘కరెంటు పెట్టడం’ అనుకుంటారు. ఇది కరెంటు కాదు, మింగే మందు. జుట్టు రాలదు. రాలకపోవడం వల్ల ఇంకో ఇబ్బంది, ‘నీకు నిజంగా క్యాన్సరేనా’ అన్నట్టు చూస్తారు.

కణాలు అయోడిన్‌ను ఆబగా పట్టుకోవాలంటే ముందు వాటిని మాడ్చాలి. ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ ఉన్న పథ్యం. విదేశీ చీటీల్లో సముద్రపు నాచు తినొద్దని రాసి ఉంటుంది. మనలో నాచు తినేదెవరు? మనకు అసలు సమస్య ఉప్పు. తినే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలని 2006 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. దేశానికి అది మేలే చేసింది. పథ్యం చేసేవాళ్లు మాత్రం అయోడిన్ కలపని ఉప్పు వెతుక్కోవాలి, కల్లుప్పు అయినా పొట్లం మీద చదివి చూసుకోవాలి. పాలు, పెరుగు, మజ్జిగ, గుడ్డు పచ్చసొన, సముద్రపు చేపలు, రొయ్యలు, బేకరీ సరుకు, హోటల్ తిండి, ఆ ఉప్పుతో పెట్టిన ఆవకాయ అన్నీ మానాలి. పెరుగన్నం లేకుండా రెండు వారాలంటే తెలుగు ఇంట్లో అదో దీక్ష. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేసే మనిషే రోగి అయినప్పుడు రెండు పొయ్యిల వంట ఎవరు చేస్తారన్నది ఏ చీటీలోనూ ఉండదు.

దీంతోపాటు థైరాక్సిన్ మూడు నాలుగు వారాలు ఆపేస్తారు, టీఎస్‌హెచ్ బాగా పెరిగితేనే కణాలు అయోడిన్ కోసం ఎగబడతాయి. అంటే కోకర్ రోగులు పడిన బాధను కొన్ని వారాలపాటు తెలిసి తెలిసి తెచ్చిపెట్టడం. ఒళ్లు ఉబ్బుతుంది, చలి, మలబద్ధకం, ఏడుపు, మతిమరుపు. బండి నడపకపోవడం మంచిది. మందు ఆపకుండానే టీఎస్‌హెచ్ పెంచే సూదిమందు ఉంది. 1998లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఆ వారాల్లో మనిషి బతుకు ఎంత తేలికవుతుందో 2012లో వచ్చిన బ్రిటిష్, ఫ్రెంచ్ పరిశోధనలు చూపాయి. కానీ ధర మన దేశంలో చాలామందికి అందనంత. అవే పరిశోధనలు ఇంకో మంచి మాట చెప్పాయి. ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు 100 మిల్లీక్యూరీల రేడియో అయోడిన్ మోతాదు ఎంత పని చేసిందో 30 కూడా దాదాపు అంతే చేసింది. 2022లో వచ్చిన ఫ్రెంచ్ పరిశోధన మరో అడుగు వేసింది. ఆపరేషన్ అయిన తక్కువ ముప్పు రోగులకు అసలు రేడియో అయోడిన్ ఇవ్వకపోయినా మూడేళ్లలో తేడా రాలేదు. రోగి జీవితం బాగుపరచడానికి కొత్త మందే కనిపెట్టనక్కర్లేదు, అక్కర్లేనిది మానేసినా చాలు.

మందు మింగాక కొన్ని రోజులు ఒంటరి గది. ఒంట్లోంచి గామా కిరణాలు వెలువడుతుంటాయి గనుక భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్తారు. మరుగుదొడ్డి నీళ్లు కూడా నేరుగా కాలువలోకి పోవు, రేడియోధార్మికత తగ్గేదాకా ప్రత్యేక ట్యాంకుల్లో ఆగుతాయి. ఈ అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా పడుకోమంటారు. రెండు గదుల ఇంట్లో, అందరికీ ఒకే బాత్రూమ్ ఉన్నచోట అది ఎలా కుదురుతుందో అడిగి, దాన్నిబట్టి రోజులు నిర్ణయించే ఆసుపత్రి మంచి ఆసుపత్రి. పాలిచ్చే తల్లి చికిత్సకు కొన్ని వారాల ముందే పాలు మాన్పించాలి. ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. గడువు దాటాక పిల్లల్ని కనడానికి అడ్డేమీ లేదు. ఈ చివరి వాక్యాన్ని అత్తమామల ముందు, పెళ్లి చూపులు జరగాల్సిన ఇళ్లలో డాక్టరే నోరు తెరిచి చెప్పాలి. ఆ అమ్మాయి చెబితే నమ్మేవాళ్లు తక్కువ. లాలాజల గ్రంథులు కొంత అయోడిన్ పీల్చుకుంటాయి గనుక నోరెండటం, చెంపల వాపు, రుచి తెలియకపోవడం కొందరిలో నెలల తరబడి ఉంటాయి. దంత వైద్యుడి అవసరం పడేది ఇక్కడ.

మంచి క్యాన్సర్

‘క్యాన్సర్ రావాలని రాసి ఉంటే ఇదే రావాలి, ఇది మంచి క్యాన్సర్.’ ధైర్యం చెప్పాలని అనే మాట ఇది. వినే మనిషికి మాత్రం నోరు కట్టేసినట్టవుతుంది. మంచిదైనప్పుడు ఏడవడానికి హక్కెక్కడిది? పైగా మన దగ్గర ప్రతి వీధిలోనూ ‘థైరాయిడ్ ఉన్నవాళ్లు’ ఉంటారు. ‘నాకూ ఉందమ్మా, పదేళ్లుగా బిళ్ల వేసుకుంటున్నా, ఏం కాదు’ అని పక్కింటి ఆంటీ ఓదార్పు. ఆమెకున్నది హార్మోన్ తక్కువ కావడం, ఈమెకు వచ్చింది క్యాన్సర్. తేడా విడమరిచి చెబితే దాచిన జబ్బు బయటపడుతుంది, చెప్పకపోతే తన భయం పక్కింటామె బిళ్ల పక్కన కూర్చుంటుంది.

2016లో అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు థైరాయిడ్ క్యాన్సర్ నుంచి బయటపడిన 1,174 మందిని ప్రశ్నించి ఒక అధ్యయనం ప్రచురించారు. జీవన నాణ్యతకు వచ్చిన సగటు మార్కులు పదికి 5.56. ఇంతకంటే చాలా ప్రమాదకరమైన క్యాన్సర్లు వచ్చినవాళ్ల మార్కుల కంటే అది ఏమంత మెరుగ్గా లేదు. ఒక జాగ్రత్త అవసరం. వీళ్లలో చాలామంది రోగుల సంఘాల ద్వారా, సోషల్ మీడియా ద్వారా చేరినవాళ్లు, ఇబ్బంది ఉన్నవాళ్లే అలాంటిచోట్ల ఎక్కువగా చేరతారు. అయినా వైద్యులు అనుకున్నదానికీ రోగులు చెప్పినదానికీ మధ్య అంత దూరం ఉందని ఆ లెక్క బయటపెట్టింది.

భయం ఎక్కువగా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్, గ్రంథి తీసేసి రేడియో అయోడిన్ కూడా ఇచ్చాక రక్తంలో దాదాపు కనిపించకూడదు. ఆరు నెలలకో ఏడాదికో ఆ పరీక్ష, మెడ స్కానింగు. పరీక్ష తేదీకి ముందు వారం నిద్ర ఉండదు. రిపోర్టు ఫోన్‌కే వచ్చేస్తుంది, దాన్ని వివరించే డాక్టరు అపాయింట్‌మెంటు మాత్రం నాలుగు రోజుల తర్వాత. అంకె పాయింటు రెండు నుంచి పాయింటు మూడుకు పెరిగితే చాలావరకు ఏమీ కాదు, ఒక ల్యాబుకూ ఇంకో ల్యాబుకూ అంత తేడా మామూలే. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోండి అన్న చిన్న సలహా ఎన్నో రాత్రుల నిద్ర కాపాడుతుంది.

అందరికీ ఇది ‘మంచి’ది కూడా కాదు. మెడుల్లరీ రకం వేరే కణాల్లో పుడుతుంది, దానికి రేడియో అయోడిన్ పనిచేయదు. నాలుగో వంతు మందిలో వంశపారంపర్యం గనుక రక్తసంబంధీకులకూ జన్యు పరీక్ష చేయాలి. అరుదైన అనాప్లాస్టిక్ రకం అన్ని క్యాన్సర్లలోనూ అతి వేగంగా ప్రాణం తీసేవాటిలో ఒకటి. ఆ కుటుంబాలకు కావలసిన ఆసరా వేరు, నొప్పిని అదుపులో ఉంచే పాలియేటివ్ వైద్యం మొదటి రోజు నుంచే అందాలి.

డబ్బు సంగతి అమెరికా లెక్కల్లో స్పష్టంగా కనిపించింది. వాషింగ్టన్ రాష్ట్ర క్యాన్సర్ రోగుల్లో దివాళా పిటిషన్లను లెక్కించి 2013లో ప్రచురించిన పరిశోధనలో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లే ముందు వరసలో ఉన్నారు. కారణం వాళ్ల వయసు. పింఛను రాదు, పొదుపు ఉండదు, అప్పులు మాత్రం ఉంటాయి. మన దగ్గర ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆపరేషన్ ఖర్చు మోస్తాయి. కోలుకునే రోజుల కూలీ గురించి ఆలోచించిన సందర్భం ఒకటి నాకు గుర్తుంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి తీసుకునేవాళ్లకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. మొత్తం చిన్నదే. కుట్లు విప్పడంతో జబ్బు పూర్తవదని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం మాత్రం చిన్నది కాదు.

ఇంత చెప్పాక, అసలు కత్తి అవసరమా అన్న ప్రశ్న కూడా వేయాలి. దక్షిణ కొరియాలో చౌకగా మెడ స్కానింగులు పెరిగాక 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. దొరికినవాటిలో చాలా భాగం మనిషిని ఎప్పటికీ బాధపెట్టని చిన్న గడ్డలన్నమాట. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి 1993 నుంచే సెంటీమీటరు లోపు పాపిల్లరీ గడ్డలను కోయకుండా కనిపెట్టుకుని ఉంటోంది. అక్కడ ఎక్కువమందికి ఏళ్లు గడిచినా ఆపరేషన్ అవసరం రాలేదు. మన నగరాల్లో ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో ఏ లక్షణమూ లేనివాళ్ల మెడకు కూడా స్కానింగు కలిపేస్తున్నప్పుడు కొరియా గుర్తుకు రావాలి. అయితే గడ్డను మెడలో ఉంచుకుని బతకడానికీ ఓ ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇచ్చేది ఆరు నెలలకోసారి అదే ముఖంతో, అదే ఓపికతో చూసే డాక్టరు.

ఆసుపత్రి గుమ్మం దాటేటప్పుడు

అమెరికాలో థైరాయిడ్ క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్లు 1995లో తమ సంఘం పెట్టుకున్నారు. కొత్త రోగికి పాత రోగి ఫోన్లో తోడుండటం అక్కడ పద్ధతి. మనకు ఇంకా వాట్సాప్ గుంపులే దిక్కు. వాటిలో ధైర్యమూ దొరుకుతుంది, కొత్తిమీర రసంతో థైరాయిడ్ మాయం అన్న సలహా కూడా దొరుకుతుంది. లేని గ్రంథిని ఏ రసమూ మొలిపించదు. బిళ్ల ఆపిన మనిషి కొన్ని వారాల్లో మంచాన పడుతుంది.

అందుకని ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితం మీద నాకు కొంత పట్టింపు. ఇప్పుడది ఇంగ్లిషులో, సర్జన్ కోసం సర్జన్ రాసుకున్నట్టు ఉంటుంది. దానికి తోడు తెలుగులో ఒక్క పేజీ చాలు. ఏ రకం క్యాన్సర్, ముప్పు ఎక్కువా తక్కువా, ఎంత తీశారు. టీఎస్‌హెచ్ ఎంతలో ఉండాలి, ఆ లక్ష్యాన్ని మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు. బిళ్ల ఎప్పుడు, కాఫీ ఎప్పుడు, కాల్షియం ఎప్పుడు. చీమలు పాకినట్టుంటే ఏం చేయాలి. గొంతు ఎన్ని వారాల్లో రాకపోతే ఎవరికి చూపించాలి. గర్భం వస్తే మోతాదు పెంచాల్సి ఉంటుంది కనుక తెలిసిన రోజే కబురు చేయండి. తర్వాతి పరీక్ష ఫలానా నెలలో. కింద ఒక ఫోన్ నంబరు, అది పగటిపూట ఎత్తే నర్సు పేరు. మూడు నెలలకు ఆ నర్సే ఫోన్ చేసి నిద్ర ఎలా ఉంది, పనికి వెళ్తున్నారా, గొంతు వచ్చిందా అని అడగాలి. జవాబులు కేసు షీటులో రాయాలి.